మా ఇంటి గోడల వెనుక ఉన్న మనుషులు

గృహప్రవేశమైన మూడవ నాటి ఉదయం మా అమ్మ ఒక చేత బెండకాయల గిన్నె, మరొక చేత కత్తిపీట పట్టుకుని మా కొత్త వంటగది మధ్యలో నిలబడి, కాసేపు నలువైపులా చూసి, "ఏం పాపా, ఇంత ఖర్చు పెట్టి కట్టిన వంటింట్లో కూర్చునే తావే లేదే?" అన్నది. ఆమె ఎత్తు అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. మా వంటగట్టు ఎత్తు 34 అంగుళాలు. ఆ గట్టు మీద తరగాలంటే ఆమె మోచేతులు పైకెత్తి భుజాలు బిగబట్టుకోవాలి. పోనీ కింద కూర్చుందామంటే, గట్టుకూ ఎదుటి అల్మరాకూ మధ్యనున్న సందులో కత్తిపీట పెట్టాక ఇంకొక మనిషి కాలు మోపే వీలుండదు. చివరకు ఆమె హాల్లోకి వెళ్లి, సోఫా పక్కన పాత దినపత్రిక పరుచుకుని, టీవీకి వీపు పెట్టి కూర్చుని బెండకాయలు తరుక్కున్నది.

ఆ 34 అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయని, వంటగది బిగించిన సంస్థ తరఫున కొలతలకు వచ్చిన కుర్రవాణ్ణి నేను పని జరుగుతున్నప్పుడే అడిగాను. పెట్టె 720 మిల్లీమీటర్లు, దాని కింద కాళ్లు 100 మిల్లీమీటర్లు, పైన ప్లైవుడ్డు, గ్రానైటు కలిపితే అంతే వస్తుందనీ, అది స్టాండర్డ్ అనీ, మార్చాలంటే పెట్టెలన్నీ విడిగా చేయించాలి గనుక ఖర్చు పెరుగుతుందనీ అతడు చెప్పాడు. నేను తల ఊపాను. ఇల్లు కట్టిన ఏడాదిన్నర కాలంలో నేను అలా తల ఊపిన సందర్భాలకు లెక్క లేదు. బెంగళూరులో యలహంక దాటిన తరువాత మేము కొనుక్కున్న ముప్పై-నలభై అడుగుల సైటులో ఏ మూల ఏది రావాలన్నా, 'ఇప్పుడందరూ ఇలాగే చేయించుకుంటున్నారు' అన్న మాట ఒక్కటే వినిపించేది. అందరూ చేయించుకోవడానికి ముందు ఎవరో ఒకరు మొదట చేసి ఉండాలి గదా, ఆ మనిషికి అప్పుడు వచ్చిన ఇబ్బంది ఏమిటి, అది మనకూ ఉన్నదా అన్న సందేహం నాకు అమ్మ కత్తిపీట పట్టుకుని నిలబడిన ఆ ఉదయం కలిగింది. నాటి నుంచి, తీరిక దొరికినప్పుడల్లా, మా ఇంట్లో ఉన్నవాటి పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నాకొక అలవాటుగా మారింది.

మాడ్యులర్ కిచెన్ అని మనం పిలుచుకునే అమరిక 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో రూపు దిద్దుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ ఇళ్లకు తీవ్రమైన కొరత ఏర్పడగా, ఎర్న్‌స్ట్ మాయ్ అనే ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో నగరపాలక సంస్థ సామాన్య కుటుంబాల కోసం వేల సంఖ్యలో చిన్న ఇళ్లను కట్టించింది. వాటికి వంటగదిని రూపొందించే పని వియన్నా నుంచి వచ్చిన మార్గరీటె లిహోత్స్కీకి అప్పగించారు. పెళ్లి తరువాత ఆమె షుట్టె-లిహోత్స్కీ అయింది. ఆస్ట్రియాలో ఆర్కిటెక్చర్ చదివిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఆమెకు దొరికిన స్థలం సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంటే మన లెక్కలో ఆరడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండు అడుగుల పైచిలుకు పొడవు. వంట చేసే మనిషి పొయ్యికీ, తొట్టికీ, అల్మరాకూ మధ్య ఊరికే ఎన్ని అడుగులు వేయవలసి వస్తున్నదో అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ లెక్కగట్టి రాసినవి ఆమె చదివింది. రైలులోని భోజనశాల పెట్టెలో అంత ఇరుకు చోట అంతమందికి ఎలా వండి వడ్డిస్తున్నారో గమనించింది. ఆ రెండింటి నుంచి, చేయి చాస్తే ప్రతిదీ అందే వంటగది పుట్టింది.

అందులోని చిన్న చిన్న ఏర్పాట్లు నాకు ఎంతో నచ్చాయి. పప్పులూ పంచదారా పోసుకోవడానికి పేరు చెక్కిన అల్యూమినియం సొరుగులు ఉండేవి. వాటిని బయటికి లాగి, ముక్కు ఉన్న కొలపాత్రలాగా వంచి గిన్నెలో పోసుకోవచ్చు. పిండి సొరుగు మాత్రం ఓక్ చెక్కతో చేశారు, ఆ చెక్కలోని వగరు పదార్థానికి పురుగు దరి చేరదని. తలుపులకు నీలిరంగు వేశారు, ఆ రంగు మీద ఈగలు వాలవని అప్పటివారి నమ్మకం. గోడకు మడిచిపెట్టే ఇస్త్రీబల్ల, తరిగిన తొక్కలు నేరుగా పడేందుకు బల్లలోనే ఒక సొరుగు, పక్క గదిలో ఆడుకునే పిల్లలు కంటికి కనిపించేందుకు జారుడు తలుపు కూడా ఉన్నాయి. ఇటువంటి వంటగదులను ఆ నగరంలో దాదాపు 10,000 ఇళ్లలో బిగించారు.

ఆ వంటగది ఫొటోలను మొదటిసారి చూసినప్పుడు నా దృష్టి ఒక చోట నిలిచిపోయింది. కిటికీ కింద తరిగే బల్ల, ఆ బల్ల ముందు గుండ్రంగా తిరిగే స్టూలు. వంట చేసే మనిషి రోజంతా నిలబడనక్కర లేదనీ, కూర్చుని చేయగల పనులు వెలుతురులో కూర్చునే చేసుకోవాలనీ లిహోత్స్కీ దాన్ని కావాలని పెట్టింది. ఆ వంటగది దేశాలు దాటి మా సైటు వరకూ వచ్చేసరికి పెట్టెలు వచ్చాయి, సొరుగులు వచ్చాయి, చప్పుడు లేకుండా మూసుకునే మడతబందులు వచ్చాయి, స్టూలు మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. అమ్మ అడిగింది ఆ స్టూలునే. లిహోత్స్కీ ఆ వంటగదిని గీసే నాటికి తనకు వంట చేసే అలవాటే లేదని తరువాత తానే చెప్పుకున్నది. అయినా వంట చేసే మనిషి నడుము గురించి ఆలోచించింది. ఆమె పనిలో లోపమే లేదని కాదు. ఆ గదిలో ఒక్క మనిషికే చోటు. ఇంటి ఇల్లాలిని ఒంటరిగా గదిలో బంధించే ఏర్పాటు ఇది అని తరువాతి తరం ఆడవాళ్లు విమర్శించారు, అందులో న్యాయం ఉన్నది. హిట్లర్ పాలనను ఎదిరించే రహస్య బృందంలో పనిచేసినందుకు 1941లో ఆమెను అరెస్టు చేశారు, 1945లో యుద్ధం ముగిసేదాకా జైలులోనే ఉన్నది. 103వ పుట్టినరోజుకు అయిదు రోజుల ముందు, 2000 సంవత్సరం జనవరిలో మరణించింది.

మా వంటగది సంగతికి వస్తే, ఎనిమిది నెలలు తిరగకముందే తొట్టి కింది పెట్టె అడుగుచెక్క నీళ్లకు ఉబ్బి, అంచున అతికిన పట్టీ ఊడి, లోపలి పొట్టు బయటపడింది. బిగించిన సంస్థవారు అది వాడకం వల్ల వచ్చిన లోపం అన్నారు. వంటగదిని వాడకుండా ఎలా ఉంచుకోవాలో మాత్రం చెప్పలేదు. మేము అద్దెకున్న పాత ఇంట్లో గట్టు కింద మూడు కడప బండలను అడ్డంగా పెట్టి అరలు చేశారు. ముప్పై ఏళ్లుగా అక్కడ గిన్నెలు కడిగిన నీళ్లు కారుతూనే ఉన్నాయి. కడప బండకు ఉబ్బడం తెలియదు. ఇప్పుడు తొట్టి కింద చెక్క తీయించి నేనూ బండే వేయించాను. పనిలో పనిగా, కిటికీ వైపున్న పెట్టెలో పై సొరుగు తీసివేసి, ఆ చోట 26 అంగుళాల ఎత్తున ముందుకు లాగే గట్టి పలకను మా వీధి వడ్రంగి అమర్చిపెట్టాడు. దానికి తగిన స్టూలు కూడా అతడే చేశాడు. అమ్మ వచ్చినప్పుడల్లా ఆ పలక బయటికి వస్తుంది. ఇప్పుడు నేనూ ఉల్లిపాయలు తరగడానికి నిలబడడం మానేశాను.

హాలు, భోజనాల చోటు, వంటగది మధ్య గోడలు తీసివేసి అంతా ఒకటే చేసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1910 ప్రాంతంలో షికాగోలో కట్టిన రోబీ ఇంట్లో హాలుకూ భోజనాల గదికీ మధ్య చలిమంట గూడు తప్ప అడ్డు లేదు. పెట్టెల్లాంటి గదులను బద్దలు కొట్టాలని ఆయన పట్టుదల. ఎండుమిరపకాయల పోపు ఘాటు ఆయనకు పరిచయం ఉండి ఉంటే ఆ పట్టుదల కొంచెం సడలి ఉండేదేమో. మేము వంటగదికి గాజు తలుపు పెట్టించుకున్నాము.

ఇక ఇప్పటి బెంగళూరు వీధుల్లో ఎటు చూసినా కనిపించే రూపానికి, అంటే కింద స్తంభాల మీద లేచి నిలబడిన ఇల్లు, ఆ స్తంభాల మధ్య కారు, పైన చదునైన డాబా, పొడవాటి కిటికీలు, తెల్లని గోడలు అనే రూపానికి, మూలపురుషుడు లె కార్బూజియే. 1887లో స్విట్జర్లాండులో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన ఈయన, కాంక్రీటు స్తంభాలే బరువు మోస్తాయి గనుక గోడలకు ఇక ఆ బాధ్యత లేదనీ, గదులను ఎలాగైనా అమర్చుకోవచ్చుననీ వాదించాడు. స్తంభాల మీద లేచిన ఇల్లు, డాబా మీద తోట, స్వేచ్ఛగా అమర్చిన గదులు, అడ్డంగా సాగిన కిటికీలు, బరువు మోయని ముఖగోడ అని అయిదు సూత్రాలు చెప్పి, వాటికి నమూనాగా పారిస్ దగ్గర పువాసీ అనే ఊళ్లో 1928, 1931 సంవత్సరాల మధ్య విల్లా సావోయ్‌ను కట్టాడు. అందులో కింది అంతస్తు గోడ ఒంపు తిరిగి ఉంటుంది. కారు స్తంభాల మధ్య నుంచి వచ్చి ఇంటి చుట్టూ మలుపు తిరగడానికి ఎంత చోటు కావాలో కొలిచి ఆ ఒంపును గీశారు. మా వీధిలో స్టిల్ట్ పార్కింగు ఉన్న ప్రతి ఇల్లూ ఆ లెక్కకు వారసత్వమే, అయితే మనవాళ్లు డాబా మీది తోటను వదిలి నీళ్ల ట్యాంకు పెట్టుకున్నారు.

ఆ అందమైన ఇల్లు కారేది. ఇంటి యజమానురాలు సావోయ్ గారు హాల్లోనూ, వాలుదారి మీదా వాన కురుస్తున్నదనీ, స్నానాలగది పైనున్న అద్దపు కిటికీ నుంచి నీళ్లు దిగి గది నిండిపోతున్నదనీ కార్బూజియేకు ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూనే ఉన్నది. ఆ ఉత్తరాల సంగతి చదివినప్పుడు నాకు తాడిపత్రి దగ్గర మా అమ్మమ్మ ఊళ్లోని మిద్దె గుర్తుకు వచ్చింది. అదీ చదునైన కప్పే. దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆ పైన జానెడు మన్ను, అన్నిటికన్నా పైన చవుడు. పొలంలో పేరితే పైరు రానివ్వని ఆ చవుడు మన్నే మిద్దె మీద రక్ష. తడిసినప్పుడు ఉబ్బి తన సందులను తానే పూడ్చుకుంటుంది, అందువల్ల నీరు కిందికి దిగదు. అయితే ఆ రక్ష ఊరికే రాదు. ఏటా వానలకు ముందు మా తాత బండి చవుడు తోలించి మిద్దె మీద పరిపించి తొక్కించేవాడు. కప్పు చదునుగా ఉండాలంటే ఏడాదికొకసారి దాని ఊడిగం చేయక తప్పదని ఆ ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాంక్రీటు వచ్చిన తరువాత ఆ సంగతి మరచిపోయాము.

గోడల విషయంలో నేను తల ఊపలేదు. తల ఊపనివ్వనిది మా ఆర్కిటెక్టు. ఆవిడ ఇచ్చిన ప్లానులో పై అంతస్తు గోడ ఎలుకబోను కట్టుబడి అని రాసి ఉన్నది. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా బెంగళూరులోనే ఇళ్లు కడుతున్న మా మేస్త్రీ ఆ కాగితం చూసి, "ఇటుక పండుకుంటెనే గోడకు బలం గదమ్మా, నిలబెడితే నడుమ సందు వడ్తది" అన్నాడు. సందు పడడమే అందులోని కిటుకు అని ఆవిడ ఒక వరుస తానే పేర్చి చూపించింది. ఇటుకలను పరుండబెట్టకుండా పక్క మీద నిలబెట్టి, రెండు ఇటుకలు ముఖాముఖిగా, వాటిని కలుపుతూ ఒకటి అడ్డంగా, ఇలా పేర్చుకుంటూ పోతే తొమ్మిదంగుళాల గోడ మధ్యలో వరుసగా ఖాళీ అరలు ఏర్పడతాయి. గోడ మందం అంతే, ఇటుకలు మాత్రం సుమారు పావు వంతు తగ్గుతాయి. ఆ ఖాళీల్లోని గాలి ఎండ వేడిని లోపలికి త్వరగా రానివ్వదు. కరెంటు గొట్టాలు కూడా అందులోనే పోతాయి. మేస్త్రీ ఆ రోజంతా గొణుగుతూనే కట్టాడు. మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి రసగుండు వేలాడదీసి గోడ నిలువు చూసుకుంటూ, "ఇటుక సైజు ఒక్కటి ఒక్కతీరు ఉండొద్దమ్మా, మంచి బట్టీల నుంచి తెప్పియ్యి" అన్నాడు. గొణుగుడు పోయి సలహా వచ్చిందంటే పని కుదిరినట్లే.

ఆ కట్టుబడిని మన దేశంలో సామాన్యుల ఇళ్లలోకి తీసుకువచ్చినవాడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఈయన రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చైనాలో రోగులకు సేవ చేసి, స్వదేశానికి వెళ్లే ఓడ కోసం బొంబాయిలో ఎదురుచూస్తున్నప్పుడు గాంధీగారిని కలిశాడు. ఆయన కాళ్లకు ఉన్న గుడ్డపీలికల చెప్పులు గాంధీగారి కంట పడ్డాయి, అక్కడి నుంచి మాటలు మొదలయ్యాయి. ఇల్లు కట్టడానికి కావలసిన వస్తువులు ఆ చోటికి అయిదు మైళ్ల లోపలే దొరకాలని గాంధీగారు అన్న మాట తనను జన్మంతా నడిపించిందని బేకర్ చెప్పేవాడు. 1945లో మళ్లీ ఇక్కడికే వచ్చి కుష్ఠురోగుల ఆసుపత్రి భవనాలు కట్టే పనిలో చేరాడు; కేరళకు చెందిన వైద్యురాలిని వివాహమాడి, హిమాలయాల్లోని పిథోరాగఢ్ ప్రాంతంలో చాలా ఏళ్లు గడిపాడు. అక్కడి పల్లెవాసులు రాయీ, మన్నూ, చెక్కా ఎలా వాడుకుంటున్నారో చూసి, తాను చదివిన చదువును పక్కన పెట్టి వాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. ఆ తరువాత తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో మరణించేదాకా కడుతూనే ఉన్నాడు.

ఆయన మరొక పద్ధతి మా కింది అంతస్తు కప్పులో ఉన్నది. కాంక్రీటు కప్పు వంగేటప్పుడు పైభాగం నొక్కుకుపోతుంది, కింది భాగం సాగుతుంది. సాగుడును తట్టుకునేది ఇనుప కడ్డీ. అక్కడున్న కాంక్రీటు ఊరికే బరువు. ఆ బరువుకు బదులు కడ్డీల మధ్య పాత మంగళూరు పెంకులు పెట్టి పోస్తే సిమెంటూ ఇనుమూ ఆదా అవుతాయి. పడగొడుతున్న ఒక పాత బంగళా దగ్గర మేము పెంకులు కొన్నాము. బాసెల్ మిషన్ వారు 1865లో మంగళూరులో మొదటి పెంకుల కర్మాగారం పెట్టినప్పటి నుంచి ఈ ఎర్ర పెంకు దక్షిణాది అంతటా పరుచుకున్నది, బెంగళూరు బంగళాలు దానికి పెట్టింది పేరు. పడుకుని పైకి చూస్తే ఇప్పుడు మాకు ఆ పెంకుల వీపులు కనిపిస్తాయి. అయిదు మైళ్ల లోపల ఏం దొరుకుతాయని నేనొకసారి మా సైటు చుట్టూ లెక్క చూశాను. సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు పుష్కలంగా ఉన్నాయి. వాడదగినది కాళ్ల కింది ఎర్రమన్ను ఒక్కటే.

ఆ మన్ను గురించి బెంగళూరుకు అప్పటికే తెలుసు. టాటా ఇన్‌స్టిట్యూట్ అని ఊరివాళ్లు పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి 1974లో పల్లెలకు పనికివచ్చే సాంకేతిక విద్య కోసం 'అస్త్ర' అనే విభాగాన్ని ప్రారంభించగా, అందులో కె. ఎస్. జగదీశ్, ఆయన సహచరులు మట్టిలో కొద్ది పాళ్లు సిమెంటు కలిపి యంత్రంలో నొక్కి చేసే దిమ్మెల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ దిమ్మెలతో నగరంలో ఇళ్లు కట్టి, మట్టి ఇల్లు పేదవాళ్లకే అన్న అపోహను పోగొట్టినవారిలో ఆర్కిటెక్టు చిత్రా విశ్వనాథ్ ముందుంటారు. విద్యారణ్యపురలో ఆమె తన కుటుంబానికి కట్టుకున్న ఇల్లే అందుకు సాక్ష్యం. ఆమె భర్త ఎస్. విశ్వనాథ్ వాననీటి గురించి ఈ నగరానికి చెప్పినంతగా మరెవ్వరూ చెప్పలేదు. 2009లో చేసిన చట్ట సవరణతో ముప్పై-నలభై సైటులో కొత్తగా కట్టే ఇంటికి కూడా వాననీటి నిల్వ తప్పనిసరి అయింది. కావేరి నీరు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎగువకు ఎక్కి రావలసిన ఊరికి ఆ మాత్రం చట్టం ముందే ఉండవలసింది; 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం రాత్రులు మేలుకున్నవాళ్లెవరూ దీన్ని కాదనరు.

మా సంపు గుంత, పునాదులు తవ్వగా వచ్చిన మన్ను కింది అంతస్తు గోడలకు సగం కూడా చాలలేదు. పక్క సైటువాళ్లు తమ పునాది మన్నును లారీకి డబ్బిచ్చి పారబోయించబోతుండగా మేమే తెచ్చుకున్నాము. వందకు ఏడెనిమిది పాళ్లు సిమెంటు, కొంత రాతిపొడి కలిపి, ఇద్దరు మనుషులు పొడవాటి పిడిని కిందికి వంచి నొక్కితే ఒక్కొక్క దిమ్మె బయటికి వచ్చేది. వాటికి గోనెలు కప్పి మూడు వారాలు తడిపాము. చూడవచ్చిన మా బావగారు ఆ దిమ్మెల గుట్ట ముందు నిలబడి, "తాడిపత్రిలో మట్టి మిద్దెలు పడగొట్టి సిమెంటు ఇళ్లు కట్టుకుంటుంటే, మీరు బెంగళూరుకు వచ్చి మళ్లీ మన్నే పిసుకుతున్నారా?" అని నవ్వారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

కిటికీలు ఎటు ఉండాలన్న చర్చలో నేను మా ఆర్కిటెక్టుతో కొంత పోట్లాడాను. పడమటి వైపు వీధి ఉన్నది, అటు నిలువెత్తు అద్దం పెట్టించాలని నా కోరిక. ఆవిడ ఒప్పుకోలేదు. నిడుపు గోడలు ఉత్తర దక్షిణాలకు ఉండాలనీ, పడమటి ఎండను గోడ దాకా రానివ్వకుండా బయటనే ఆపాలనీ ఆవిడ చెబుతుంటే వాస్తు పండితుల మాటలాగా తోచింది. తరువాత తెలిసింది, ఈ సంగతులను ఈ ఊళ్లోనే కూర్చుని ఆలోచించినవాడు ఒకాయన ఉన్నాడని. బెర్లిన్‌లో పుట్టిన ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ నాజీల కారణంగా జర్మనీ విడిచి, ఈజిప్టు మీదుగా 1939లో మైసూరు సంస్థానానికి ప్రభుత్వ ఆర్కిటెక్టుగా వచ్చాడు. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన కట్టిన భవనాలు ఉన్నాయి. భువనేశ్వర్ నగర ప్రణాళికా ఆయనదే. ఉష్ణదేశాల్లో ఇల్లు ఎలా ఉండాలన్నది తరువాత లండన్‌లో ఒక పాఠ్యాంశంగా ఆయన బోధించాడు. ఆయన కొలువు చేసిన ఊళ్లోనే ఈనాడు నాలుగు వైపులా అద్దాలు బిగించి, లోపల ఏసీలతో చల్లార్చుకునే భవనాలు లేస్తున్నాయి. మా పడమటి గోడకు ఇప్పుడు ఇటుకల జాలీ ఉన్నది. సాయంత్రం నాలుగింటికి దాని చుక్కల వెలుగు మెట్ల మీద పడి, గంటకు రెండు మెట్లు ఎక్కుతుంది.

ఆర్కిటెక్టు బి. వి. దోషిగారు కట్టిన ఐ.ఐ.ఎం. ఆవరణ బన్నేరుఘట్ట రోడ్డున ఉన్నది. ఇల్లు కాకపోయినా దాన్ని చూడడానికి ఒక ఆదివారం వెళ్లాము. కార్బూజియే దగ్గర పారిస్‌లో పనిచేసి వచ్చిన మనిషి, గురువుగారి తెల్లగోడలను అక్కడే విడిచిపెట్టి, ఇక్కడి నల్లరాతితో ఫతేపూర్ సిక్రీని తలపించే నడవలు కట్టాడు. ఆర్కిటెక్టులకు ఇచ్చే ప్రిట్జ్కర్ బహుమతిని 2018లో పొంది, దాన్ని అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. ఆ నడవల్లో నడుస్తుంటే లోపల ఉన్నామో బయట ఉన్నామో చెప్పలేము. మా అమ్మ అక్కడ ఒక అరుగు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

మెట్ల పైభాగాన ఆర్కిటెక్టు ఒక గవాక్షం పెట్టింది. కప్పు ఏటవాలుగా లేచి, కొస దగ్గర అడుగున్నర మేర ఎత్తుగా నిలిచి, పైన అద్దం, పక్కలకు గాలి పోయే సందులతో ముగుస్తుంది. ఇంట్లోని వేడిగాలి తేలికపడి పైకి చేరి అక్కడి నుంచి వెళ్లిపోతుంది, ఆ చోటును భర్తీ చేస్తూ కింది కిటికీల నుంచి చల్లగాలి వస్తుంది. సికింద్రాబాదులో 1930లో పుట్టిన చార్లెస్ కొరియా అహ్మదాబాదులో 1961-62లో కట్టిన గొట్టపు ఇంట్లో ఇదే సూత్రం ఉన్నది. పల్చని ఆదాయం ఉన్న కుటుంబాల కోసం వేసిన ఆ సన్నని పొడవాటి ఇంట్లో గదులకు తలుపులు దాదాపు లేవు, గాలి నడిచే దారిని బట్టి కప్పు వంగింది, ఏసీ ప్రసక్తే లేదు. ఆ ఇంటిని 1995లో పడగొట్టారు. మన వేడిదేశంలో ఇంటికి ఆకాశమే ముఖ్యమైన గది అని నమ్మి, బొంబాయిలోని కాంచనజంగా వంటి ఎత్తైన భవనంలో కూడా రెండంతస్తుల ఎత్తున వరండాలు తెరిచిపెట్టిన మనిషి ఆయన. తెలుగునేల మీద పుట్టాడన్న కారణం చేత నాకు ఆయన మీద కొంత పక్షపాతం ఉన్నమాట నిజమే.

ఇదంతా నేను వివరించబోతే అమ్మ తల పైకెత్తి చూసి, "ఇది గవాచి గదా పాపా, అమ్మమ్మ మిద్దెకు లేదా ఏమి?" అన్నది. ఉన్నది. వంటింటి కప్పులో పొయ్యికి నేరుగా పైన, పళ్లెమంత బొక్క. పొద్దున పొగ అందులోంచే పోయేది, పది గంటలకు అందులోంచే ఒక ఎండ బిళ్ల దిగి కుండల వరుస మీద పడేది. వాన మొదలైతే ఇంట్లో ఉన్న పిల్లల్లో ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి మిద్దె మీదికి పరుగెత్తి, దాని మీద పాత కుండ బోర్లించి రావాలి. ఆ పని తరచు మా చిన్నమామకు పడేదట. "మీ దానికి ఎవరు మూస్తారు?" అని అమ్మ అడిగింది. మూయనక్కర లేదు, అద్దం ఉన్నది అని చెప్పాను.

జూన్ మొదటి వారంలో గట్టి వాన పడింది. రాత్రి తొమ్మిదింటికి మూడవ మెట్టు మీద టప్ మని ఒక చుక్క పడింది, కాసేపటికి ఇంకొకటి, తరువాత లెక్క తప్పింది. నాకు సావోయ్ గారు గుర్తుకు వచ్చారు. అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలో గొప్పది చెంబు అని రాశారు గనుక, ఆ చుక్కల కింద అమ్మ చెంబు పెట్టిందని చెప్పగలిగితే ఈ కథనం ఎంతో అందంగా ఉండేది. ఆమె పెట్టింది స్నానాలగదిలోని ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్టు. మరునాడు వచ్చిన మేస్త్రీ పైకెక్కి చూసి, అద్దం చట్రానికీ దిమ్మెకూ మధ్య అతుకు వేసినవాళ్లు వాలును లోపలివైపుకు వదిలారని తేల్చాడు. చట్రం విప్పి, వాలును అరంగుళం బయటికి తిప్పి, రేకు అంచును దిమ్మె మీదికి మడిచి కూర్చోబెట్టడానికి అతనికి పూట పట్టింది. దిగివచ్చి చేతులు కడుక్కుంటూ, "ఏడాదికొక్కసారి వానలకు ముందు ఎక్కి చూసుకోవాలమ్మా, మరువకు" అన్నాడు.